మీకు తెలుసా? ట్రయల్ అంటే కొత్త మందే కానక్కర్లేదు

ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి చికిత్స చేస్తున్న డాక్టరు ‘క్లినికల్ ట్రయల్‌లో చేరతారా?’ అని అడగగానే ఇంట్లోవాళ్ల గుండె జారిపోతుంది. మా మనిషి మీద ప్రయోగాలు చేస్తారా అని. కానీ కొన్ని ట్రయల్స్‌లో కొత్త మందే ఉండదు, తెలుసా?

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2016లో మొదలైన ట్రయలే చూడండి. కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మార్పు చెందిన 350 మంది అందులో చేరారు. ఇలాంటివారికి అప్పటికే జెఫిటినిబ్ మాత్ర ఇస్తున్నారు. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులూ పాతవే. డాక్టర్లకు తేలాల్సింది ఒక్కటే: మాత్ర ఒక్కటే సరిపోతుందా, మొదటి నుంచే కీమో కూడా కలపాలా? ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. డాక్టరే ఎంచితే ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లంతా ఒకవైపే చేరిపోవచ్చు. అప్పుడు గుణం మందుదో, మనిషి సత్తువదో చెప్పలేం.

మాత్ర ఒక్కటే వాడినవారిలో సగం మందికి 8 నెలల్లోపే జబ్బు మళ్లీ పెరిగింది. రెండూ కలిపి వాడినవారిలో ఆ గడువు 16 నెలలకు చేరింది. అయితే తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా 25 శాతం నుంచి 51 శాతానికి పెరిగాయి. ఈ రెండో లెక్క చెప్పకుండా మొదటిదే చెబితే రోగికి అన్యాయం చేసినట్టే.

‘సుద్దబిళ్ల ఇచ్చి ఊరుకుంటారేమో’ అన్న భయం ఇంకొకటి. పనిచేస్తుందని తేలిన చికిత్స ఉన్నచోట సాధారణంగా కొత్త మందును దానితోనే పోలుస్తారు. 2016లో ఫలితాలు వెలువడిన కీనోట్-024 ట్రయల్‌లో 305 మందిలో కొందరికి పెంబ్రోలిజుమాబ్ అనే కొత్త మందు, మిగతావారికి కీమో ఇచ్చారు. కీమో తీసుకుంటూ జబ్బు పెరిగినవారు పెంబ్రోలిజుమాబ్‌కు మారే వీలు కూడా ఉంచారు. పెంబ్రోలిజుమాబ్‌తో మొదలుపెట్టినవారిలో అయిదేళ్లు బతికినవారు దాదాపు 32 శాతం, కీమోతో మొదలుపెట్టినవారిలో 16 శాతం.

అసలు మందు ఊసే లేని ట్రయల్ కూడా ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 151 మందిని రెండు జట్లు చేశారు. అందరికీ మామూలు క్యాన్సర్ చికిత్స అందింది. ఒక జట్టుకు మాత్రం నొప్పి, ఆయాసం, దిగులు చూసే పాలియేటివ్ కేర్ వైద్యుల సాయం మొదట్లోనే మొదలైంది. 2010లో ఫలితాలు వచ్చాయి. ఆ జట్టులో దిగులు తగ్గింది, చివరి రోజుల్లో ఒంటిని హింసపెట్టే చికిత్సలు తగ్గాయి. అయినా రెండో జట్టులో సగం మంది 8.9 నెలలు దాటి బతికితే, ఈ జట్టులో సగం మంది 11.6 నెలలు దాటి బతికారు. పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడం అనుకునే కుటుంబాలన్నిటికీ ఈ సంగతి చేరాలి.

ట్రయల్ ఎన్నో దశలో ఉందో తప్పకుండా అడగండి. మొదటి దశలో ముఖ్యంగా చూసేది ఎంత మోతాదు ఒంటికి సురక్షితమన్నది. మూడో దశలోనే ఇప్పుడున్న చికిత్సతో పెద్ద ఎత్తున పోలిక ఉంటుంది. మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు సీటీఆర్ఐ రిజిస్ట్రీలో ఎవరైనా చూడవచ్చు. అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. సంతకం పెట్టిన తర్వాత కూడా, కారణం చెప్పకుండానే, ఏ రోజైనా బయటికి వచ్చేయవచ్చు.