దీవి చుట్టూ తెడ్డు: టైమ్‌టేబుల్ సముద్రానిది

కరోల్ బాగ్‌లో సివిల్స్‌కు సిద్ధమవుతున్న ఏ తెలుగు విద్యార్థి జాగ్రఫీ నోట్సు తెరిచినా ఒక బొమ్మ కనిపిస్తుంది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలో ఉంటాయి. భూమికి రెండు వైపులా నీళ్లు ఉబ్బి ఉంటాయి. పక్కన ‘అమావాస్య, పౌర్ణమి: పెద్ద పోటు’ అని రాసుకుని ఉంటారు. ఎటు వెళ్లినా సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉండే ఢిల్లీలో ఆ బొమ్మ పరీక్షకు పనికొచ్చే పాఠం. అండమాన్‌లో చిన్న కయాక్ వేసుకుని నాలుగైదు రోజులు ఒక దీవి చుట్టూ తిరిగేవారికి మాత్రం దినచర్య మొత్తం అందులోనే ఉంటుంది. ఉదయం ఎన్నింటికి పడవ దించాలి, ఎక్కడ ఒడ్డుకు చేరాలి, రాత్రి గుడారం ఎంత ఎత్తులో వేయాలి అన్నవన్నీ ఆ బొమ్మే చెబుతుంది.

ఇలాంటి యాత్ర అనగానే చాలామంది కండబలం గురించి అడుగుతారు. బలం కొంత కావాలి. అంతకన్నా ముఖ్యం వేళ తెలియడం. సముద్రం సాయం చేసే గంటలో బయల్దేరితే మామూలు మనిషి కూడా హాయిగా గమ్యం చేరతాడు. ఎదురుతిరిగే గంటలో బయల్దేరితే వస్తాదు కూడా అలసిపోతాడు.

సన్నని పడవ ఎందుకు?

అండమాన్‌లో కయాకింగ్‌కు పేరున్న స్వరాజ్ ద్వీప్‌నే తీసుకుందాం. 2018 వరకు దీని పేరు హేవ్‌లాక్. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దీవి వైశాల్యం దాదాపు 92 చదరపు కిలోమీటర్లు. తీరంలోని వంపులన్నీ కలుపుకుంటే చుట్టుకొలత 50 కిలోమీటర్లు దాటుతుంది.

సముద్రపు కయాక్ పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. కదిలే ప్రతి పడవా తన అలను తానే పుట్టిస్తుంది. పడవ ఎంత పొడవుంటే ఆ అల అంత పొడవుగా సాగుతుంది, పడవ అంత వేగాన్ని అందుకోగలదు. 5 మీటర్ల పడవకు ఆ హద్దు గంటకు 10 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ హద్దు దగ్గరికి వచ్చేకొద్దీ ఎంత బలం పెట్టినా వేగం పెద్దగా పెరగదు. అందుకే అనుభవం ఉన్నవారు గంటకు 5 కిలోమీటర్ల దగ్గరే నిలకడగా తెడ్డు వేస్తారు. భుజాలతో కాకుండా నడుము తిప్పుతూ వీపు కండరాలతో లాగుతారు.

యాత్రకు కావలసిన సరుకంతా పడవ ముందు, వెనక అరల్లోకే వెళుతుంది. ఆ అరల్లోకి నీరు రాకుండా అడ్డు గోడలు ఉంటాయి. పడవ బోల్తా పడినా ఆ గాలి అరల వల్ల మునిగిపోదు. మంచినీళ్ల సంచుల్లాంటి బరువైనవి నడుమకు దగ్గరగా, అడుగున సర్దాలి. గురుత్వ కేంద్రం కిందికి దిగేకొద్దీ పడవ ఊగడం తగ్గుతుంది. సరుకంతా ముక్కులోనో తోకలోనో కుక్కితే అది చెప్పిన మాట వినదు.

కయాక్ రూపం ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్, అల్యూట్ వేటగాళ్లది. కర్ర చట్రం మీద సీల్ చర్మం బిగించి వాళ్లు దీన్ని తయారుచేసుకున్నారు. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ యువకుడు డాన్యూబ్ నదిలో మడత కయాక్ దించి, భారత తీరాల వెంట కూడా తెడ్డు వేసుకుంటూ, 1939లో ఆస్ట్రేలియా ఏలుబడిలోని దీవికి చేరాడు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మన్ కాబట్టి అక్కడ అతన్ని నిర్బంధించారు. ఒక్క మనిషి, సన్నని పడవ అంత దూరం సాగడానికి బలంతోపాటు గాలివాటం కోసం, మంచి వాతావరణం కోసం కాచుకుని ఉండే ఓర్పు కావాలి.

ఆరు గంటల లెక్క

అండమాన్ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటు నుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు ఉదయం వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా కాస్త ముందుకు జరుగుతాడు కాబట్టి ఈ తేడా. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి పోటు పెద్దదవుతుంది. అష్టమి దగ్గర రెండూ అడ్డంగా లాగడంతో చిన్నదవుతుంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర పెద్ద పోటుకు, ఆటుకు మధ్య తేడా సుమారు 2 మీటర్లు.

నావికులు ఉపయోగించే ఒక సులువు సూత్రం ఉంది. నీరు పెరిగే ఆరు గంటల్లో మొత్తం ఎత్తును 12 భాగాలు చేస్తే, మొదటి గంటలో 1 భాగం, తర్వాత 2, 3, 3, 2, చివరి గంటలో 1 భాగం పెరుగుతుంది. అంటే 2 మీటర్ల పోటులో మొదటి గంటలో పెరిగేది 17 సెంటీమీటర్లే. నడిమి రెండు గంటల్లోనే మీటరు నీరు వచ్చేస్తుంది. రెండు దీవుల మధ్య ఇరుకు జలసంధిలో ప్రవాహం సాధారణంగా ఆ నడిమి గంటల్లోనే జోరుగా ఉంటుంది.

గంటకు 5 కిలోమీటర్లు వెళ్లే మనిషికి గంటకు 2 కిలోమీటర్ల ప్రవాహం తోడైతే 10 కిలోమీటర్లు గంటన్నరలోపే పూర్తవుతాయి. అదే ప్రవాహం ఎదురైతే 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. మనిషి అతనే, పడవ అదే, దూరమూ అంతే. మారింది బయల్దేరిన వేళ ఒక్కటే.

ఒడ్డుకు చేరడానికీ ఇదే లెక్క. స్వరాజ్ ద్వీప్ తూర్పు తీరంలోని విజయ్ నగర్ బీచ్ లాంటి చోట్ల ఆటు వేళ నీరు చాలా దూరం వెనక్కి వెళ్లి రాళ్లు, పగడపు దిబ్బలు బయటపడతాయి. ఆ వేళకు చేరితే బరువైన పడవను పదునైన రాళ్ల మీద మోసుకెళ్లాలి. పడవ గీసుకుపోతుంది, కాళ్లు కోసుకుపోతాయి, పగడాలు విరుగుతాయి. పోటు వేళకు వస్తే పడవ తిన్నగా ఇసుక దాకా తేలివస్తుంది.

పాత మ్యాపులను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం మీటరుకు పైగా పైకి లేచింది. పగడపు దిబ్బలు నీటి పైకొచ్చి ఎండి చనిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ వైపు నేల దాదాపు మీటరు కుంగింది. ఏ దిబ్బ ఎంత లోతులో ఉందో ఈనాటి నీటిని చూసినవారే చెప్పాలి.

గాలి, అల

ఉదయం నీరు అద్దంలా ఉండి, మధ్యాహ్నానికి తెల్లని నురగలు లేవడం మన తీరప్రాంతం వారికి తెలిసినదే. ఎండకు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రపు గాలి వస్తుంది. అందుకే మంచి గైడ్ తెల్లవారగానే బయల్దేరదీసి, మధ్యాహ్నం లోపే ఒడ్డు పట్టిస్తాడు. రోజుల సంగతి ఇలా ఉంటే, నెలల సంగతి రుతుపవనాలది. మే నాలుగో వారానికల్లా నైరుతి అండమాన్‌ను తాకుతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా యాత్రకు అనువైన కాలం.

పక్క నుంచి గాలి వీస్తే కయాక్ ముక్కు దానంతట అదే గాలి వైపు తిరుగుతుంది. ముందుకు సాగే పడవ ముక్కును ఎదురు నీరు పట్టి ఉంచుతుంది, తోక దగ్గర ఆ పట్టు తక్కువ. గాలి తోకను సులువుగా నెట్టేస్తుంది. పడవ అడుగున తోక దగ్గర చిన్న రెక్కను కిందికి దించితే ఆ నెట్టుడు తగ్గుతుంది.

అలలు రెండు రకాలు. ఒకటి అక్కడి గాలి లేపే చిన్న చిన్న అలలు. రెండోది వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ మహాసముద్రపు తుపానుల్లో పుట్టి వచ్చే పొడవాటి ఉబ్బెత్తు అలలు. లోతు నీటిలో ఇవి పడవను మెల్లగా లేపి దించుతాయి, భయం లేదు. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గగానే అల విరిగి పడుతుంది. మీటరు అల 1.3 మీటర్ల లోతున్న దిబ్బ మీద హఠాత్తుగా పగులుతుంది. ఎండలో ప్రశాంతంగా కనిపించే సముద్రంలో ఒకేచోట తెల్లని గీత లేస్తుంటే దాని కింద దిబ్బ ఉన్నట్టే.

మంచినీరు, మొసలి, తాబేలు

సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు అంత చిక్కగా ఉప్పును బయటికి పంపలేవు. తాగిన ఉప్పునీటిని వదిలించుకోవడానికి ఒంట్లోని మంచినీరే ఖర్చవుతుంది. పైగా గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కాబట్టి తాగడానికే మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు లెక్కవేసుకుని మోసుకెళ్లాలి. దాహం వేసేదాకా ఆగకూడదు.

మడ అడవుల పాయల్లోకి పోటు వేళ కయాక్ నిశ్శబ్దంగా వెళ్లగలదు. బురదలో గాలి ఆడదు కాబట్టి కొన్ని మడ చెట్లు వేళ్లను నీటి పైకి నిలబెట్టి ఊపిరి తీసుకుంటాయి, కొన్ని ఊతకర్రల్లాంటి వేళ్ల మీద నిలుస్తాయి. ఆ వేళ్ల మధ్యే చేపపిల్లలు పెరుగుతాయి. ఉప్పునీటి మొసళ్ల ఇల్లు కూడా ఇదే. 2010లో స్వరాజ్ ద్వీప్ దగ్గర ఈదుతున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. పాయల ముఖద్వారాల్లో ఈదడం, సంధ్యవేళ నీటి అంచున కూర్చోవడం, చేపలు కడిగిన నీళ్లు అక్కడే పారబోయడం చేయకూడదు.

గుడారం వేసేముందు ఇసుక మీద ఎండుటాకులు, నురగ, చిన్న కొమ్మలు ఒక వరసలో ఆగిన చోటు చూడాలి. అది కిందటి పోటు గీత. అమావాస్య, పౌర్ణమి ముంగిట్లో తర్వాతి పోటు దాన్ని దాటుతుంది. అందుకని ఇంకా పైకి వెళ్లాలి, కొబ్బరి చెట్ల కింద మాత్రం వద్దు. అటవీ శాఖ అనుమతి లేకుండా ఎక్కడ పడితే అక్కడ దిగడానికి వీల్లేదు. ఆదిమ తెగల ప్రాంతాలకు 1956 నుంచి చట్టరక్షణ ఉంది, అటువైపు వెళ్లనే కూడదు. యాత్రల కాలంలోనే సముద్రపు తాబేళ్లు ఇదే ఇసుకలో గుడ్లు పెడతాయి. పుట్టిన పిల్లలు వెలుతురును బట్టి సముద్రం ఎటుందో పోల్చుకుంటాయి. మన లైటు వాటిని తప్పుదారి పట్టిస్తుంది. రాత్రి దీపం తగ్గించడం ఇక్కడ కనీస బాధ్యత.

వెన్నెల లేని రాత్రుల్లో కొన్ని పాయల్లో తెడ్డు తగిలిన చోటల్లా నీలి మెరుపు పుడుతుంది. నీటిలోని డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులు కదలిక తగలగానే లూసిఫెరిన్ అనే పదార్థాన్ని ఆక్సిజన్‌తో కలిపి, సెకనులో పదో వంతు సేపు వెలుగుతాయి. తమను తినే జీవిని దానికన్నా పెద్ద వేటగాడికి పట్టివ్వడానికే ఈ మెరుపు అని శాస్త్రవేత్తల్లో ఒక వివరణ ఉంది. ఈ వేడుకకు అమావాస్య మంచిది. ఆ రోజుల్లోనే పోటు పెద్దది, ప్రవాహం బలమైనది. కాబట్టి గైడ్ లేకుండా చీకట్లో నీళ్లలోకి దిగకూడదు.

గైడ్‌ను ఏం అడగాలి?

ఢిల్లీ నుంచి టికెట్లు తీసుకునేముందు ట్రిప్పు నడిపేవారిని కొన్ని ప్రశ్నలు అడగండి. ఆ వారం ఆటుపోట్ల పట్టిక చూసి రోజువారీ ప్లాన్ వేశారా? గాలి పెరిగితే దిగడానికి దారిలో ఎక్కడెక్కడ చోటుంది? ఫోన్ సిగ్నల్ లేనిచోట రేడియో ఉందా? బోల్తా పడితే తిరిగి ఎక్కడం మొదటి రోజే నేర్పుతారా? అనుమతులు చేతిలో ఉన్నాయా? వీటికి సూటిగా జవాబు చెప్పలేనివారి వెంట వెళ్లవద్దు. మీ వంతుగా దగ్గరలోని ఈతకొలనులో ఈత నేర్చుకోండి, నీటిలో లైఫ్ జాకెట్ తీయకండి.

సముద్రపు స్థితిని ముందుగా చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అలల ఎత్తు, దిశ, గాలి, ఉబ్బెత్తు అలల హెచ్చరికలను అండమాన్‌తో సహా దేశ తీరమంతటికీ ఇస్తుంది. దాని సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. మరోవైపు అండమాన్ జనాభాలో 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏ పాయలో నీరు ఎప్పుడు తిరుగుతుందో ఏళ్ల తరబడి చూసిన కళ్లు వారివి.

ఈ రెండు జ్ఞానాలూ కలిసినప్పుడే నిజమైన గైడ్ తయారవుతాడు. అలాంటి గైడ్లకు మన తీరంలోనూ చోటుంది. కాకినాడ ఖాతంలో గోదావరి ఒండ్రు, ఇసుక మేటవేసి పెరిగిన హోప్ ఐలాండ్ అలలకు అడ్డుగోడగా నిలిచింది. పక్కనే కోరింగ మడ అడవి ఉంది. తాబేళ్ల గుడ్ల కాలాన్ని వదిలేసి, అటవీ శాఖ అనుమతితో, మత్స్యకార యువకులకు శిక్షణ ఇచ్చి అక్కడ పగటిపూట కయాక్ యాత్రలు నడపవచ్చని నా నమ్మకం. అప్పుడు జాగ్రఫీ నోట్సులో ఆ బొమ్మ గీసుకున్న పిల్లలు అదే పాఠాన్ని నీటి మీద నేర్చుకుంటారు. ఆ నీటిని ఎరిగిన కుటుంబాలకు వలస పోకుండా ఊళ్లోనే ఒక ఉపాధి దొరుకుతుంది.