నీటి చుక్క పడ్డాకే అసలు లెక్క

యాంగోన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో పొద్దున్నే బజారుకు బయల్దేరే ఆడవాళ్ల చెంపల మీద లేత పసుపు పూత ఉంటుంది. బడికి వెళ్లే పిల్లల ముక్కు మీదా ఉంటుంది. దాని పేరు థనకా. గుండ్రటి రాతిపలక మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, బెరడుతో ఉన్న కొమ్మముక్కను అరగదీస్తే వచ్చే ముద్ద అది. మనం సాన మీద గంధం తీసినట్టే. ఆ రాతిపలకను బర్మావాళ్లు చౌక్‌ప్యిన్ అంటారు. చెట్టు నిమ్మ కుటుంబానిది, మన వెలగకు దగ్గర చుట్టం. వెలగ కొమ్మనే థనకాగా వాడటమూ ఉంది. మంచి ముక్క రావాలంటే చెట్టు కనీసం 35 ఏళ్లు ఎదగాలంటారు.

బగో ఊళ్లోని ష్వేమాడో పగోడా మ్యూజియంలో 16వ శతాబ్దపు రాజు బయిన్నౌంగ్ కూతురు వాడిందని చెప్పే సాన ఒకటి ఉంది. 1930 భూకంపంలో అది పగిలింది. ఆ రోజుల్లో రంగూన్ అని పిలిచిన యాంగోన్‌ను మన కోస్తావాళ్లు 'రంగం' అనేవారు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రేవులో మూటలు మోసినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. సున్నిపిండితో నలుగు పెట్టుకునే ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లకు థనకా పద్ధతి వింతగా తోచి ఉండదు.

ఈ రెండింటిలోనూ ప్రిజర్వేటివ్, అంటే పాడవకుండా కాపాడే పదార్థం, లేదు. ఎందుకు లేదన్నదే ఇక్కడ అసలు సంగతి.

సూక్ష్మజీవులకు కావలసింది తమకు అందే నీరు. శాస్త్రజ్ఞులు దాన్ని 0 నుంచి 1 వరకు కొలుస్తారు. శుద్ధమైన నీటికి 1. చాలా బాక్టీరియాకు 0.9 పైన ఉంటే తప్ప సాగదు. 0.6 కంటే తగ్గితే ఏ సూక్ష్మజీవీ పెరగదు. చావదు, నిద్రలో ఉంటుంది. ఎండిన థనకా కొమ్మ, ఎండబెట్టి విసిరిన సున్నిపిండి, డబ్బాలో పోసిన శీకాయపొడి పొడిగా ఉన్నన్నాళ్లూ వాటిలోని సూక్ష్మజీవులు ఆ నిద్రలోనే ఉంటాయి. మన అమ్మమ్మలు తడిచేత్తో సున్నిపిండి డబ్బా ముట్టనివ్వకపోవడంలో ఉన్న జ్ఞానం ఇదే.

నీళ్లు పడ్డాక చూడండి. అనుకూలమైన వేడిలో ఇ-కోలి బాక్టీరియా 20 నిమిషాలకు రెండింతలవుతుంది. ఒక్కటితో మొదలెడితే ఆరు గంటలకు 2,62,144. ఎనిమిది గంటలకు 1,67,77,216. క్రీము సీసాలో పెరుగుదల ఇంత వేగంగా సాగదు, నిజమే. అయినా సీసా ఎనిమిది గంటలు కాదు, ఎనిమిది నెలలు ఉంటుంది. క్రీములో నీళ్లుంటాయి, తినడానికి నూనెలు, చక్కెరలు ఉంటాయి, రోజూ మన వేలు ముంచుతాం. అందులోనూ యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాద్‌కు మూడింతలు. వానాకాలంలో అక్కడ గోడకున్న సున్నమే బూజు పడుతుంది.

ఎంతవరకు సహించవచ్చో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17516 చెబుతుంది. మామూలు సౌందర్య సాధనంలో గ్రాముకు 1,000 సూక్ష్మజీవుల లోపు ఉండాలి. మూడేళ్లలోపు పిల్లలకు, కంటి దగ్గరకు వాడేదైతే 100 లోపు. నీళ్లున్న సీసాలో ఆ గీత దాటకుండా కాపలా కాసేదే ప్రిజర్వేటివ్.

మరి దాని మోతాదెంత? యూరప్ చట్టంలో మిథైల్ పారాబెన్ గరిష్ఠంగా 0.4 శాతం. 50 గ్రాముల క్రీములో అది 200 మిల్లీగ్రాములు దాటదు. ఫినాక్సీఇథనాల్‌కు 1 శాతం. ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్లను 2014లో 0.14 శాతానికి కుదించారు. ఐసోబ్యుటైల్ సహా అయిదు రకాలను అదే ఏడు నిషేధించారు. మయన్మార్ సభ్యదేశంగా ఉన్న ఆసియాన్ కూటమి కూడా 2003లో ఉమ్మడి కాస్మెటిక్ నిబంధనల మీద సంతకాలు చేసి, 2008 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది.

పారాబెన్ మీద భయం ముదిరింది 2004లో. బ్రిటన్‌లో 20 రొమ్ము కణితుల నమూనాలను పరీక్షించగా పారాబెన్లు కనిపించాయి. ఆ అధ్యయనం ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చి చూడలేదు, పారాబెన్లే కేన్సర్ తెచ్చాయనీ తేల్చలేదు. అయినా 'పారాబెన్ ఫ్రీ' అన్న మాట లేబుళ్ల మీదికి ఎక్కింది. కంపెనీలు వాటిని తీసేసి వేరేవి పెట్టాయి. వాటిలో ఒకటి మిథైల్ ఐసోథియాజోలినోన్. దానితో చర్మం దద్దుర్లెక్కి ఆస్పత్రులకు వచ్చేవాళ్లు ఎంతగా పెరిగారంటే, అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ వైద్యుల సంఘం 2013కి దాన్ని 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో యూరప్ దాన్ని 2017 నుంచి నిషేధించింది. కడిగేసే షాంపూల్లో 0.0015 శాతానికి దించింది. అదే సంఘం 2019లో పారాబెన్లను 'అలర్జీ కారకం కానిది'గా పేర్కొంది. భయపడి వదిలిన దానికంటే, ఊరట పడి పట్టుకున్నదే ఎక్కువమందిని బాధపెట్టింది. ఈ ముచ్చట ఏ ప్రకటనలోనూ కనబడదు.

'సహజ ప్రిజర్వేటివ్' అనే మాటను కూడా తూచి చూడాలి. గ్రేప్‌ఫ్రూట్‌నే తీసుకోండి. ద్రాక్షపండు అనుకునేరు, అది పంపరపనస జాతి పండు. దాని గింజల సారం సూక్ష్మజీవులను చంపుతుందని పేరు. 1999లో జర్మనీ పరిశోధకులు ఆరు రకాల సారాలను పరీక్షిస్తే అయిదింటిలో కృత్రిమ ప్రిజర్వేటివ్ దొరికింది. ఆరోదానిలో అది లేదు, చంపే గుణమూ లేదు. విటమిన్ ఇ నూనెను ముక్కిపోకుండా కాస్తుంది, బాక్టీరియాను ఆపదు. అటు 'రసాయనం' అని మనం భయపడే బెంజోయిక్ ఆమ్లం మొదట దొరికింది మన దేవుడి గదిలో వేసే సాంబ్రాణి నుంచి. పుట్టుక కాదు, మోతాదు చూడాలి.

థనకాకైనా ఇదే మాట. 2010లో థాయ్‌లాండ్ పరిశోధకులు దాని బెరడులో వాపును తగ్గించే గుణాన్ని, కొద్దిపాటి బాక్టీరియా నిరోధక గుణాన్ని గుర్తించారు. అయితే 2009లో అమెరికాలోని ఇండియానాలో బర్మా శరణార్థుల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనబడి ఆరా తీస్తే, ఒక నాటుమందుతో పాటు రోజూ థనకా పూయడానికీ ఆ సీసంతో సంబంధం కనిపించింది. చెట్టు నుంచి వచ్చిందన్నంత మాత్రాన ఏదీ శుద్ధం కాదు. ఏ నేల, ఏ రాయి, ఏ డబ్బా అన్నది కూడా అడగాలి.

కృత్రిమ ప్రిజర్వేటివ్ వద్దనుకుంటే తప్పు లేదు. అందుకు నమ్మదగిన దారి నీళ్లు లేనివి కొనడం: పొడి, సబ్బుబిళ్ల, ఉట్టి నూనె. కలిపింది ఆ పూటకే వాడేయాలి. మిగిలితే పారబోయాలి. మింగళ తౌంగ్‌న్యున్ ఇల్లాలు రేపటికి సరిపడా థనకా ఇవాళే తీసి పెట్టుకోదు. అదే థనకాను తడిముద్దగా డబ్బాలో నింపి నెలలపాటు అమ్మాలంటే మాత్రం కాపలా తప్పదు.

కాబట్టి దుకాణంలో లేబుల్ తిప్పి మొదటి పేరు చదవండి. అది 'ఆక్వా' (అంటే నీళ్లు) అయి ఉండి, ముందువైపు 'ప్రిజర్వేటివ్ లేదు' అని రాసి ఉంటే, పాడవకుండా ఎలా ఉంటోందో అడగండి. జవాబు రాకపోతే, చంటిబిడ్డ ఒంటికి గానీ మీ కళ్ల దగ్గరకు గానీ దాన్ని చేరనివ్వకండి.