అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ షెడ్యూల్: అపోహలు – వాస్తవాలు

ఐపీఎల్ అయినా రంజీ అయినా ఏ జట్టు ఎప్పుడు ఎక్కడ ఆడాలో బీసీసీఐ తేలుస్తుంది. ఆ అలవాటుతో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను చూస్తే లెక్క తప్పుతుంది. ఒహాయో స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎం, అరిజోనా స్టేట్ లాంటి చోట్ల చదువుతున్న మన పిల్లలకూ, వాళ్లు పంపే స్టేడియం ఫొటోలు చూసే ఇంట్లోవాళ్లకూ ఈ ఆట నిబంధనలు కొద్దికొద్దిగా తెలుస్తున్నాయి. షెడ్యూల్ ఎలా తయారవుతుందో మాత్రం అక్కడ పుట్టి పెరిగిన అభిమానుల్లోనూ చాలామందికి తెలియదు.

పై శ్రేణి జట్టు ఒక సీజన్‌లో మామూలుగా 12 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో 8 లేదా 9 తన కూటమిలోని జట్లతోనే. ఈ కూటములనే కాన్ఫరెన్సులు అంటారు. మిగిలిన మూడు నాలుగు మ్యాచ్‌ల చుట్టూనే అపోహలన్నీ.

అపోహ: షెడ్యూల్ మొత్తం కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ వేస్తుంది.

వాస్తవం: ఎన్‌సీఏఏ హద్దులు మాత్రమే గీస్తుంది. ఎన్ని మ్యాచ్‌లు ఆడవచ్చు, సీజన్ ఎప్పుడు మొదలుపెట్టవచ్చు అన్నంతవరకే దాని పాత్ర. హవాయి వెళ్లి ఆడే జట్టుకు ప్రయాణ ఖర్చు భారమని 13వ మ్యాచ్‌కు వీలిచ్చే మినహాయింపు కూడా అలాంటి నిబంధనే. కూటమి మ్యాచ్‌లను కూటమి కార్యాలయం నిర్ణయిస్తుంది. బయటి జట్లతో ఆడేవి పూర్తిగా విశ్వవిద్యాలయాల సొంత వ్యవహారం. ఒక అథ్లెటిక్ డైరెక్టర్ ఇంకో అథ్లెటిక్ డైరెక్టర్‌కు ఫోన్ చేస్తాడు, ఖాళీ తేదీలు చూసుకుంటారు, బేరం కుదిరితే ఒప్పందం రాసుకుంటారు. ఫుట్‌బాల్‌లో ఏ కూటమిలోనూ చేరని నోటర్ డేమ్ అయితే అన్ని మ్యాచ్‌లనూ ఇలాగే కుదుర్చుకోవాలి. అందుకే అది ఏసీసీ కూటమితో ఏటా సగటున ఐదు మ్యాచ్‌లకు ముందే ఒప్పందం చేసుకుంది.

అపోహ: ఈ ఏడు మా ఊళ్లో ఆడితే వచ్చే ఏడు మీ ఊళ్లో. అందరికీ ఇదే పద్ధతి.

వాస్తవం: అది సమ ఉజ్జీల మధ్య పద్ధతి. 2025 ఆగస్టు 30న టెక్సస్ జట్టు కొలంబస్ వెళ్లి ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడింది. దానికి బదులుగా ఒహాయో స్టేట్ 2026లో ఆస్టిన్ రావాలి. ఇలాంటి ఒప్పందంలో ఎవరి గేటు రాబడి వాళ్లదే.

స్థాయిలో తేడా ఉంటే బేరం మారుతుంది. పెద్ద జట్టు మైదానంలో రెండు, చిన్న జట్టు మైదానంలో ఒకటి అని కుదుర్చుకుంటారు. తేడా మరీ ఎక్కువైతే తిరుగు ప్రయాణం ఊసే ఉండదు. చిన్న జట్టు డబ్బు తీసుకుని వస్తుంది, ఆడుతుంది, వెళ్లిపోతుంది. వీటినే గ్యారంటీ మ్యాచ్‌లు అంటారు.

అపోహ: పెద్ద జట్లు బయటికి వెళ్లకపోవడానికి భయమే కారణం.

వాస్తవం: భయం కొంత ఉండవచ్చు. అసలు కారణం కూడికల్లో ఉంది. మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. అక్కడ ఒక్క మ్యాచ్ జరిగిందంటే టికెట్లు, పార్కింగ్, తినుబండారాలు, దాతల విరాళాలు అన్నీ కలిసొస్తాయి. ఊళ్లో హోటళ్లూ నిండుతాయి. పరాయి మైదానానికి వెళితే ఇవేవీ రావు. అందుకే చాలా పెద్ద జట్లు ఏటా సొంత మైదానంలో కనీసం ఏడు మ్యాచ్‌లు ఉండేలా చూసుకుంటాయి.

తొమ్మిది కూటమి మ్యాచ్‌లు ఆడే జట్టుకు ఒక ఏడాది నాలుగు, మరుసటి ఏడాది ఐదు సొంత మైదానంలో వస్తాయి. నాలుగే వచ్చిన ఏడాది, మిగిలిన మూడూ ఇంట్లోనే ఆడితే తప్ప ఏడు కావు. ఐదు వచ్చిన ఏడాది మాత్రం ఒకసారి బయటికి వెళ్లే వెసులుబాటు ఉంటుంది. ఇద్దరికీ ఆ వెసులుబాటు సరైన ఏళ్లలో పడితేనే పెద్ద జట్ల మధ్య బేరం తెగుతుంది.

ఫ్లోరిడా 1991లో సిరాక్యూస్ వెళ్లింది. ఆ తర్వాత సొంత రాష్ట్రం దాటి, కూటమిలో లేని ప్రత్యర్థి సొంత మైదానంలో ఆడింది మళ్లీ 2023లో యూటాలోనే. ఈ మధ్యలో దానికి గట్టి ప్రత్యర్థులు లేరని కాదు. వేరే కూటమికి చెందిన ఫ్లోరిడా స్టేట్‌తో దాదాపు ఏటా ఆడుతూనే ఉంది. ఆ మ్యాచ్‌కు రాష్ట్రం దాటక్కర్లేదు.

అపోహ: డబ్బు తీసుకుని వచ్చే జట్టు ఓడిపోవడానికే వస్తుంది.

వాస్తవం: ఒప్పందంలో ఉండేది రావడం, ఆడడం మాత్రమే. గెలిచినా ఓడినా ఇచ్చే సొమ్ము మారదు. 2007లో అపలాచియన్ స్టేట్ 4 లక్షల డాలర్లకు మిషిగన్ వెళ్లి 34-32తో గెలిచింది. అప్పటికి మిషిగన్ దేశంలో 5వ ర్యాంకు జట్టు. 2022 సెప్టెంబర్ 10న జార్జియా సదర్న్ 14 లక్షల డాలర్లకు పైగా పుచ్చుకుని నెబ్రాస్కాను 45-42తో ఓడించింది. మర్నాడే నెబ్రాస్కా కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ ఉద్యోగం పోయింది. అదే రోజు అపలాచియన్ స్టేట్ టెక్సస్ ఏ అండ్ ఎంను, మార్షల్ నోటర్ డేమ్‌ను వాళ్ల మైదానాల్లోనే ఓడించాయి.

ఇవి అరుదు, అందుకే గుర్తుండిపోయాయి. ఎక్కువసార్లు జరిగేది వేరు. కెంట్ స్టేట్ 2022లో వాషింగ్టన్, ఓక్లహోమా, జార్జియా మైదానాలకు వెళ్లింది. మూడింట్లోనూ ఓడి దాదాపు 52 లక్షల డాలర్లు తెచ్చుకుంది. అలాంటి విశ్వవిద్యాలయంలో మిగతా ఆటలు నడవడానికి ఈ రాబడి పెద్ద ఆసరా. దీనికి మూల్యమూ ఉంది. 2012లో సవానా స్టేట్ వారం తేడాతో ఓక్లహోమా స్టేట్ చేతిలో 84-0, ఫ్లోరిడా స్టేట్ చేతిలో 55-0తో ఓడింది. రెండో మ్యాచ్‌ను వర్షం, ఉరుముల వల్ల మధ్యలోనే ఆపేశారు. కొన్నేళ్లకు ఆ విశ్వవిద్యాలయం కింది శ్రేణికి మారిపోయింది.

అపోహ: పెద్ద జట్టు చిన్న జట్టు మైదానంలో అడుగే పెట్టదు.

వాస్తవం: ప్రయోజనం కనిపిస్తే పెడుతుంది. వర్జీనియా టెక్ తన రాష్ట్రంలోనే నార్‌ఫోక్‌లో ఉన్న ఓల్డ్ డొమినియన్‌తో దీర్ఘకాల ఒప్పందం చేసుకుంది. ఆ తీర ప్రాంతపు హైస్కూళ్ల నుంచి మంచి ఆటగాళ్లు వస్తారు. వాళ్ల కళ్లముందు ఆడితే రేపు వాళ్లను తమ కాలేజీకి రప్పించుకోవడం తేలిక. ఆ సౌలభ్యం ఉచితంగా రాలేదు. 2018లో 49-35తో, 2022లో 20-17తో వర్జీనియా టెక్ అక్కడ ఓడిపోయింది.

అపోహ: పదేళ్ల ముందే కుదిరిన మ్యాచ్‌కు ఇక తిరుగుండదు.

వాస్తవం: తప్పుకుంటే ఎంత కట్టాలో సాధారణంగా ఒప్పందంలోనే రాసి ఉంటుంది. నెబ్రాస్కా, టెన్నెసీ 2016, 2017లో ఆడాలని మొదట అనుకున్నాయి. తర్వాత 2026, 2027కు జరిపాయి. తీరా దగ్గరపడ్డాక, 2025లో, స్టేడియం మరమ్మతుల కారణం చెప్పి నెబ్రాస్కా 10 లక్షల డాలర్లు కట్టి తప్పుకుంది. వాటి స్థానంలో బౌలింగ్ గ్రీన్, మయామీ ఒహాయో జట్లను సొంత మైదానానికి పిలిచింది.

రెండు రోజుల్లో కుదిరిన మ్యాచ్ కూడా ఉంది. 2020 డిసెంబర్‌లో కోవిడ్ వల్ల లిబర్టీ రాలేకపోతే, గురువారం మాట్లాడుకుని శనివారానికల్లా బ్రిగమ్ యంగ్ జట్టు కోస్టల్ కరోలినా మైదానంలో దిగింది. కోస్టల్ 22-17తో గెలిచింది. 2018లో తుపాను వల్ల ఒక మ్యాచ్ పోగొట్టుకున్న వర్జీనియా టెక్, సీజన్ చివర్లో ఆరో విజయం కోసం అప్పటికప్పుడు మార్షల్‌ను పిలిచి గెలిచింది. సీజన్ ముగిశాక జరిగే బౌల్ మ్యాచ్‌కు అర్హత రావాలంటే ఆరు విజయాలు కావాలి మరి.

అపోహ: ఏ మ్యాచ్ ఏ టీవీలో రావాలో రెండు జట్లూ కలిసి తేల్చుకుంటాయి.

వాస్తవం: ఎవరి మైదానమైతే వాళ్ల కూటమి ప్రసారకర్తకే హక్కులు. కొలంబస్‌లో జరిగిన ఒహాయో స్టేట్–టెక్సస్ మ్యాచ్ ఫాక్స్‌లో రావడానికి కారణం ఇదే.

అపోహ: గట్టి ప్రత్యర్థులతో ఆడితే జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ ఎంపికలో తప్పకుండా మేలు జరుగుతుంది.

వాస్తవం: ఎంపిక సంఘం షెడ్యూల్ కష్టాన్ని చూస్తుంది, ఓటములనూ లెక్కపెడుతుంది. 2024 సీజన్‌కు ముందే ఇండియానా లూయీవిల్‌తో ఉన్న ఒప్పందాన్ని వదులుకుంది. కూటమి బయట తేలికైన జట్లతోనే ఆడి, 11-1తో ప్లేఆఫ్‌కు చేరింది. 2025లో కొలంబస్ వెళ్లి ఓడిన టెక్సస్ 9-3తో బయటే ఉండిపోయింది. ఆ ఒక్క ఓటమి లేకుంటే ఏమయ్యేదన్న వాదన అప్పటినుంచీ నడుస్తోంది. ఎస్‌ఈసీ కూటమి 2026 నుంచి తొమ్మిది కూటమి మ్యాచ్‌లకు మారుతోంది. పైగా ఇంకో పెద్ద కూటమి జట్టుతోనో నోటర్ డేమ్‌తోనో ఏటా కనీసం ఒక మ్యాచ్ ఆడాలని నియమం పెట్టింది. తొమ్మిదో కూటమి మ్యాచ్ వల్ల బయటి మ్యాచ్‌లకు మిగిలే ఖాళీలు నాలుగు నుంచి మూడుకు తగ్గుతాయి.

కనుక ఏ జట్టు షెడ్యూల్ చేతికొచ్చినా ముందు చూడాల్సింది ప్రత్యర్థుల పేర్లు కాదు. ఆ ఏడాది సొంత మైదానంలో కూటమి మ్యాచ్‌లు ఎన్నో లెక్కపెట్టండి. మిగిలిన మూడు నాలుగు ఎందుకలా ఉన్నాయో చాలావరకు అర్థమవుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఒప్పందాలు అక్కడ సాధారణంగా బహిరంగ పత్రాలే. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో అడిగి తెలుసుకునే వీలు ఉంది.