మంచుపై నడకయు, జారుటయు

దమ్ముచేసిన వరిమడిలో దిగినవారికి కాలు మోకాటివఱకు కూరుకొనిపోవుట అనుభవమే. అదే మడిలో వెడల్పైన పలక నొకదానిని పఱచి దానిపై నిలిచినచో అంతగా దిగబడము. మన బరువు తగ్గలేదు. అది ఆనుకొన్న చోటు మాత్రము పెరిగినది. మంచుదేశముల జనులు చలికాలమును గడపుటకు ఆధారమైన సూత్ర మిదియే.

అప్పుడే కురిసిన మంచు దూదివలె నుండును. దానిలో పదింట తొమ్మిది పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువయు, గాలియే. అట్టి మంచు నడుములోతు పడినప్పుడు వట్టి కాళ్లతో నడువబూనినవాడు అడుగడుగునకు దిగబడి త్వరలోనే అలసిపోవును. ఒడలు చెమర్చును. ఎక్కడనైన నిలిచినంతనే ఆ చెమటయే శరీరమును చల్లబఱచును. కట్టెలకో, వేటకో, రోగికి మందు తెచ్చుటకో బయలుదేరినవానికి అది ప్రాణాపాయమే. కావున పూర్వులు రెండు సాధనములను కల్పించిరి.

మొదటిది మంచుజోడు. ఉత్తర అమెరికాలోని ఆదివాసులు కొయ్యబద్దను వంచి చట్రముగా చేసి, దానిని పచ్చితోలు వారులతో వలవలె అల్లి, పాదములకు కట్టుకొనెడివారు. దానితో పొదల నడుమను, ఇఱుకైన త్రోవలలోను నిలుకడగా నడువవచ్చును. కాని ప్రతి యడుగును ఎత్తి వేయవలెను. పల్లమునకు దిగునప్పుడును నడకయే గాని జారుట లేదు.

రెండవది స్కీ. ఇది సన్నని పొడవైన పలక. 1924లో స్వీడన్ దేశమున కాల్‌వ్‌ట్రాస్క్ అనుచోట బురదనేలలో దొరికిన స్కీ సుమారు 5,200 సంవత్సరముల నాటిదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. స్కీపై పల్లమునకు వేగముగా జారవచ్చును. కాని ఎత్తు నెక్కబోయినచో అది వెనుకకు జారును; చెట్ల నడుమ పొడవైన పలకలను త్రిప్పుట కష్టము.

నడకకు ఒకటి, జారుటకు ఒకటి! ఈ రెంటి గుణములును ఒక్కదానిలో ఇముడునా? ఇముడునని ఆల్టాయ్ పర్వతవాసులు ఏనాడో కనుగొనిరి. రష్యా, చైనా, మంగోలియా, కజకస్తాన్ దేశములు కలిసికొనుచోట ఈ పర్వతములు కలవు. అచ్చటి తువా, కజక్ జనులు కొయ్యపలకల అడుగున గుఱ్ఱపుతోలును వెండ్రుకలతో సహా బిగింతురు. వెండ్రుకల కొనలు వెనుకకు తిరిగియుండును. మీరు ఆవు వీపును మెడనుండి తోకవైపు నిమిరినచో చేయి నున్నగా సాగిపోవును. ఎదురు నిమిరినచో వెండ్రుకలు లేచి అడ్డుపడును. ఇదియు నట్లే. ముందునకు పోవునప్పుడు వెండ్రుకలు అణగి పలకను జారనిచ్చును. వెనుకకు జారబోవునప్పుడు నిక్కి మంచును పట్టుకొనును.

నిల్స్ లార్సెన్ అను అమెరికా దేశీయుడు 2005 మొదలు పలుమార్లు ఆల్టాయ్ ప్రాంతమునకు పోయి, అచ్చటి వేటగాండ్ర పనితనమును శ్రద్ధగా పరిశీలించెను. తరువాత ఫ్రాన్స్వా సిల్వాన్ అను స్కీల రూపకర్తతో కలిసి ‘హోక్’ అను సాధనమును రూపొందించెను. హోక్ అనగా తువా భాషలో స్కీ యని అర్థము. ఇది 125, 145 సెంటీమీటర్ల పొడవులలో లభించును. సాధారణమైన స్కీకంటె పొట్టిది, వెడల్పైనది. దీని అడుగున నడిమిభాగమున గుఱ్ఱపుతోలునకు మారుగా కృత్రిమమైన నూగుగల పట్టీ శాశ్వతముగా అతుకబడి యుండును. అంచులకు ఉక్కు తాపడము కలదు. మామూలు చలిజోళ్లతోనే దీనిని బిగించుకొనవచ్చును. మడమ పైకి లేచుటకు వీలుండును గనుక నడక సహజముగా సాగును.

ఒక చిన్న లెక్క చేయుదము. 60 కిలోల మనుష్యుడు ఒంటికాలిపై నిలిచెననుకొందము. అరికాలి వైశాల్యము 200 చదరపు సెంటీమీటర్లైనచో, ప్రతి చదరపు సెంటీమీటరుపైని 300 గ్రాముల బరువు పడును. 125 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు గల పలకపై నిలిచినచో వైశాల్యము 1,500 అగును. అప్పుడు పడునది 40 గ్రాములే. ఏడవవంతుకంటెను తక్కువ!

దీనితో నడచునప్పుడు కాలిని ఎత్తక ముందునకు జార్పవలెను. ఏటవాలున నిట్టనిలువుగా గాక వంకరటింకరగా ఎక్కవలెను. దిగునప్పుడు మోకాళ్లను కొంచెము వంచవలెను. ఆల్టాయ్ వేటగాండ్రు ఒకే పొడవైన కఱ్ఱపై ఆని దిగుదురు.

ఈ సాధనమునకు కొఱతలు లేకపోలేదు. అడుగునగల నూగు కొంత వేగమును హరించును. కావున జారుటలో ఇది స్కీకి సాటిరాదు. దట్టమైన పొదలలోను, మిక్కిలి నిట్టనైన చోట్లను మంచుజోడే మేలు. మఱియు 30 మొదలు 45 డిగ్రీల వాలుగల కొండచరియలపై మంచు విఱిగిపడుట యెక్కువ. ఎంతటి సాధనమును ఆ ముప్పును ఆపజాలదు. అచ్చట వివేకమే రక్ష.

నేటి కార్మికశాలలో ఉక్కుతోను, కృత్రిమపు నూగుతోను తయారగు ఈ పలకకు ప్రాణము వంటి యుక్తి, పేరెఱుగని వేటగాని గుడిసెలో పుట్టినది. నేర్వగోరి అతని యింటికి పోయి కూర్చున్నవానికే అది లభించినది. మన ఊళ్లలోని వడ్రంగి, కమ్మరి, పడవవాడు మొదలగువారి చేతులలో ఎట్టి యుక్తులు దాగియున్నవో మీరును పోయి చూడుడు.