చివరి బండి వేగమే గుంపు వేగం

సంగారెడ్డి నుంచి అకోలా దాకా సాగే 161వ నంబరు జాతీయ రహదారి మద్నూర్ మీదుగా, సలాబత్‌పూర్ వద్ద రాష్ట్ర సరిహద్దు దాటి దెగ్లూర్ వైపు పోతుంది. నల్లరేగడి చేల మధ్య ఎదురుగా వచ్చే లారీ చాలా దూరం నుంచే కనిపించే దారి ఇది. మద్నూర్, బిచ్కుంద, జుక్కల్, బాన్సువాడ ప్రాంతాల యువకులకు బండి నడపడంలో చేయి తిరిగేది ఇలాంటి రోడ్ల మీదే. శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు, ఇంకా ధైర్యం చేస్తే లడఖ్‌కు పదిమంది కలిసి బండ్ల మీద వెళ్లాలన్న కోరిక ఇప్పుడు పల్లెల్లోనూ బలంగా ఉంది. మంచి కోరికే. అయితే పదిమంది ఉన్నారు కనుక భయం లేదన్న నమ్మకం మాత్రం కొండ దారిలో నిలవదు. అక్కడ గుంపును కాపాడేది తలల లెక్క కాదు, వెనకబడే మనిషిని బట్టి వేగాన్ని కుదుర్చుకునే పద్ధతి. ఆ పద్ధతి లేని గుంపులో, ఒంటరిగా వెళ్లేవాడికి ఉండని ప్రమాదం ఒకటి కొత్తగా పుడుతుంది.

అదెలాగో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. పది బండ్లు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో రెండు సెకన్ల ఎడంతో పోతున్నాయనుకుందాం. మొదటి బండికీ చివరి బండికీ మధ్య 18 సెకన్లు. హెయిర్‌పిన్ మలుపులో అందరూ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే ఆ 18 సెకన్లంటే సుమారు 100 మీటర్లు. మలుపు దాటిన మొదటి బండి నేరు రోడ్డు మీద 60 అందుకుంటే అవే 18 సెకన్లు 300 మీటర్లవుతాయి. నిజానికి చివరివాడు వెనకబడలేదు. సమయంలో ఎడం అంతే ఉంది, దూరమే మూడింతలైంది. కానీ అతని కంటికి మాత్రం ముందువాళ్లు తనను వదిలేసి పోతున్నట్టే ఉంటుంది. దాంతో మలుపు పూర్తిగా తిరగకముందే యాక్సిలరేటర్ తిప్పుతాడు, నేరు రోడ్డు మీద 70, 80కి పోతాడు, అదే వేగంతో తర్వాతి మలుపులో పడతాడు. అంటే గుంపులో అందరికంటే వేగంగా నడపాల్సి వచ్చేది చివరి బండికే. సాధారణంగా మనం కొత్తవాళ్లను పెట్టేదీ అక్కడే. తప్పంతా ఈ అమరికలోనే ఉంది. కొత్తవాడు ముందు బండి వెనకే రెండో స్థానంలో ఉండాలి. అందరికంటే అనుభవం, ఓపిక ఉన్నవాడు చివరన రావాలి. ముందు బండి మలుపు దాటగానే పరుగు తీయకూడదు. ఒకరికొకరు కంటికి కనబడుతూనే పోవాలన్న పట్టుదలను ఘాట్ రోడ్డు మీద వదులుకుని, ఫలానా ఊళ్లో, ఫలానా చీలిక దగ్గర చివరి బండి వచ్చేదాకా ఆగుదామని ముందే మాట అనుకుంటే చాలు.

రోజూ హైవే మీద వంద కిలోమీటర్లు నడిపేవాళ్లం, మాకు ఇవన్నీ ఎందుకని అడిగేవారుంటారు. ఆ అనుభవాన్ని తక్కువ చేయలేం. కానీ నేరు రోడ్డు నేర్పేదొకటి, ఘాట్ అడిగేదొకటి. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో పాటించే నియమం. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగుతూ బ్రేకుల మీదే భారం వేస్తే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. తిరుమలలో ఎక్కడానికొకటి, దిగడానికొకటి వేర్వేరు రోడ్లు ఉన్నాయి. 1944లో వచ్చిన మొదటి ఘాట్ రోడ్డుకు తోడుగా రెండోది వేయడంతో ఎదురు బండి బెడద తప్పింది. మారేడుమిల్లి, పాడేరు ఘాట్లలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ మలుపులో గీత దాటితే ఆర్టీసీ బస్సో, కలప లారీయో ఎదురు కావచ్చు.

లడఖ్ సంగతి వేరు. మద్నూర్ సముద్ర మట్టానికి 500 మీటర్ల లోపే ఉంటుంది, లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఖర్దుంగ్ లా అసలు ఎత్తు 17,582 అడుగులు (అక్కడి బోర్డు మీద చాలాకాలం 18,380 అని ఉండేది). అక్కడ పీల్చే గాలిలో అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో అందేదాంట్లో దాదాపు సగమే. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు. దారిని ఎంచుకోవలసింది కూడా ఈ లెక్కతోనే. శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా వెళితే 2,700 మీటర్ల దగ్గర ఒక రాత్రి గడిపి లేహ్ చేరవచ్చు. మనాలి దారిలో సర్చూలో బస చేస్తే 4,200 మీటర్ల పైన పడుకోవాలి. తొమ్మిది మందికి ఏమీ కాకపోయినా పదోవాడికి తలనొప్పి, వాంతులు మొదలైతే ఆ రోజు అందరూ ఆగాల్సిందే. తగ్గకపోయినా, నడక తూలినా కిందికి దించాల్సిందే. కండబలానికీ ఈ ఎత్తు జబ్బుకూ సంబంధం లేదు. జిమ్‌కు వెళ్లే కుర్రాడే ముందు పడిపోవచ్చు.

ఇంత బాదరబందీ కంటే ఒంటరిగా వెళ్లడమే మేలు కదా అనిపించవచ్చు. కానీ ఎత్తు జబ్బు ముదిరినవాడికి తన తడబాటు తనకు తెలియదు, పక్కవాడే పసిగట్టాలి. లోయ అంచున బండి జారినా, ఫోను సిగ్నల్ లేనిచోట గొలుసు తెగినా తోడు కావాలి. కాబట్టి గుంపు ఉండాలి, చిన్నదిగా ఉండాలి. 2018లో జై భారతి, ఎ.ఎస్.డి. శాంతి, శిల్పా బాలకృష్ణన్, పియా బహదూర్ అనే నలుగురు హైదరాబాద్ నుంచి మోటారు సైకిళ్ల మీద బయలుదేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. దాదాపు 17,000 కిలోమీటర్ల ప్రయాణం అది. నాలుగు బండ్ల గుంపులో మొదటికీ చివరికీ మధ్య ఆరు సెకన్లే. ఇరవై మంది పోగైతే ఐదుగురి చొప్పున విడిపోయి పావుగంట ఎడంతో బయలుదేరడం మంచిది. మెల్లగా పోతే అసలు సరదానే ఉండదనే వారికి కూడా ఇందులో జవాబుంది. వేగంగా నడపగలిగినవారు ఒక జట్టుగా ముందు వెళ్లి, అనుకున్న చోట టీ తాగుతూ ఆగవచ్చు. వారి వేగాన్ని కొత్తవాడి నెత్తిన రుద్దకుంటే చాలు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అందుకే హెల్మెట్ నడిపేవాడికే కాదు, వెనక కూర్చున్నవారికీ ఉండాలి, చట్టమూ అదే చెబుతోంది. లడఖ్ కలగంటున్న మద్నూర్ కుర్రాళ్లు ముందుగా బోధన్, నిజామాబాద్ మీదుగా నిర్మల్ చేరి, ఆదిలాబాద్ వైపు పాత దారిలోని మహబూబ్ ఘాట్ ఎక్కి దిగి రావచ్చు. వానలు వెనకబట్టాక తెల్లవారుజామున బయలుదేరితే పొద్దుగూకేలోపు ఇల్లు చేరవచ్చు. దిగివచ్చాక ముందుగా అడగవలసింది రెండో స్థానంలో నడిపిన కొత్తవాడిని, ఎక్కడెక్కడ తన శక్తికి మించి తోలాల్సి వచ్చిందో. ఒక్క చోటైనా చెబితే ముందు బండి నడిపేవాడిని మార్చి, అదే ఘాట్‌కు మళ్లీ వెళ్లాలి.