ఇంజనూ గేరుబాక్సూ: కాడికి కుదిరిన జోడెడ్లు

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

పాతబస్తీలోని బహదూర్‌పురాకు జూ పార్కు చూడడానికి వెళ్ళేవారు, దాని దగ్గరలోనే ఉన్న మరో వింతను చూడకుండా తిరిగి రావడం న్యాయం కాదు. అదే సుధా కార్ల మ్యూజియం. 2010లో తెరిచారు. అక్కడ క్రికెట్ బ్యాటు కారు ఉంది, వంకాయ కారు ఉంది, కెమెరా కారు ఉంది. బొమ్మల్లా కనిపించినా ఇవి నడిచే బండ్లే. వీటిని తుక్కు సామానుతో సొంతంగా తయారు చేసినవారు కె. సుధాకర్ గారు. బడిలో చదివే రోజుల నుంచే ఆయనకు ఈ పిచ్చి అట.

చూసేవాళ్ళు ఆకారం చూసి నవ్వుకుంటారు. సైన్సు విద్యార్థికి మాత్రం వేరే ప్రశ్న పుట్టాలి. వంకాయ కింద ఉన్న ఇంజను బలం చక్రం దాకా ఎట్లా చేరుతోంది? సొంతంగా బండి కట్టాలనుకునే మిత్రులందరూ మొదట అడిగేది "ఎన్ని సీసీ?" అని. "గేరు రేషియో ఎంత?" అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

నేను రైతు బిడ్డను కనుక ట్రాక్టరుతో మొదలుపెడతాను. 35 హార్సుపవర్ ట్రాక్టరు కేజ్ వీల్సు తగిలించుకుని మోకాలి లోతు బురద మడిని దున్నిపారేస్తుంది. 2014 వరకు తయారైన మారుతి 800లో నాలుగు గేర్ల కారు ఇంజను బలం సుమారు 37 హార్సుపవర్. అంటే ట్రాక్టరు కన్నా రెండెక్కువే! అయినా ఆ కారును మడిలోకి దింపితే గట్టు దాటదు. ఎందుకని? హార్సుపవర్ అంటే తిప్పే బలం (దీన్నే టార్కు అంటాము), తిరిగే వేగం – ఈ రెండింటి లబ్ధం. గేరుబాక్సు కొత్తగా బలాన్ని పుట్టించదు. వేగాన్ని తగ్గించి టార్కును పెంచుతుంది, లేదా టార్కును తగ్గించి వేగాన్ని పెంచుతుంది. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకునే బేరం. ట్రాక్టరు వేగాన్ని అమ్ముకుని బలాన్ని కొనుక్కుంది. కారు బలాన్ని అమ్ముకుని వేగాన్ని కొనుక్కుంది.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. నిమిషానికి 2500 చుట్లు తిరిగే వేళ 60 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చే ఇంజను ఒకటి మన దగ్గర ఉన్నదనుకుందాం. గేరుబాక్సు, డిఫరెన్షియల్ కలిపి మొదటి గేరులో వేగం 16 రెట్లు, నాలుగో గేరులో 4 రెట్లు తగ్గుతుందనుకుందాం. చక్రం వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు. రాపిడికి నూటికి పది పోనిద్దాం. మొదటి గేరులో చక్రం దగ్గరి టార్కు 864 న్యూటన్ మీటర్లు. దాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే బండిని ముందుకు నెట్టే బలం 3456 న్యూటన్లు. వేగం గంటకు 15 కిలోమీటర్లు. నాలుగో గేరులో నెట్టే బలం 864 న్యూటన్లే. వేగం మాత్రం 59 కిలోమీటర్లు.

మనుషులతో కలిపి బండి బరువు 900 కిలోలనుకోండి. పది మీటర్ల దారికి ఒక మీటరు లేచే ఎత్తు ఎక్కాలంటే, టైర్ల రాపిడితో కలిపి సుమారు 1010 న్యూటన్లు కావాలి. నాలుగో గేరులో ఆ బండి ఎక్కదు, మొదటి గేరులో అవలీలగా ఎక్కుతుంది. ఫలక్‌నుమా గుట్ట ఎక్కేటప్పుడు డ్రైవరు గేరు ఎందుకు దించుతాడో ఈ నాలుగు అంకెలే చెబుతాయి.

ఇంకొక సంగతి. చక్రం కూడా గేరే! అందం కోసం అదే బండికి 35 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల జీపు చక్రాలు తగిలిస్తే, నెట్టే బలం 3456 నుంచి 2469కి, 864 నుంచి 617కి పడిపోతుంది. ఇంజను అదే, గేరుబాక్సు అదే, బండికి మాత్రం పికప్ పోయింది. సుధాకర్ గారే 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. దాని చక్రం వ్యాసం 17 అడుగులు. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి 53 అడుగులు పోవాలి. తొక్కేది మనిషి కాళ్ళు! పెడలుకూ చక్రానికీ మధ్య వేగం బాగా తగ్గితే తప్ప అట్లాంటి బండి కదలదని పై లెక్క తెలిసినవారెవరైనా చెప్పగలరు.

లెక్క కుదిరినంత మాత్రాన పెళ్ళి కుదిరినట్టు కాదు. ఇంజనునూ గేరుబాక్సునూ వేర్వేరు బండ్ల నుంచి తెస్తే చూడవలసినవి నాలుగు. మొదటిది, రెండింటినీ కలిపే బోల్టుల రంధ్రాలు. అవి కలవకపోతే నడుమ ఒక ఇనుప పలక వేస్తారు. కాని ఇంజను క్రాంకు షాఫ్టూ, గేరుబాక్సు షాఫ్టూ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుక మందం తేడాలే ఇక్కడ లెక్కలోకి వస్తాయి. రెండవది క్లచ్. ప్లేటు నడుమ ఉండే పళ్ళు గేరుబాక్సు షాఫ్టుకు సరిపోవాలి, ప్లేటు సైజు ఫ్లైవీలుకు సరిపోవాలి. మూడవది, ఇంజను ఇచ్చే టార్కును ఆ గేరుబాక్సు మోయగలగాలి. చిన్న గేరుబాక్సుకు పెద్ద ఇంజను తగిలిస్తే పళ్ళు రాలుతాయి. నాలుగవది తిరిగే దిక్కు. ముందు చక్రాలను తిప్పే కారు యంత్రాన్ని వెనక్కి తెచ్చి, ముందువైపు వెనక్కి వచ్చేట్టు తిప్పి బిగిస్తే, ముందుకు పోవడానికి ఒక్క గేరూ, వెనక్కి పోవడానికి నాలుగు గేర్లూ మిగులుతాయి!

ఇదేదో తమాషా కబురు కాదు. మా పెదనాయన కొడుకు తోట నుంచి రోడ్డు దాకా టమాట బుట్టలు చేరవేయడానికి తుక్కు ఇంజనుతో ఒక బండి కట్టించాడు. ఇంజను ఒక చోటిది, గేరుబాక్సు ఇంకొక చోటిది. ఒక్క పంట కాలంలో మూడుసార్లు క్లచ్ ప్లేటు పోయింది. ఇంజనులో సత్తువ లేదని పెద్ద ఇంజను కొనబోయాడు. తీరా విప్పి చూస్తే రెండు షాఫ్టులూ ఒక గీత మీద లేవు. బండి ఆగిన రోజుల్లో కాయ చెట్టు కిందనే మురిగింది. మనకు అది యంత్రశాస్త్రంలో ఒక ప్రశ్న, ఆయనకు అది ఏడాది అప్పు.

అందుకే ఇంజనునూ గేరుబాక్సునూ ఒకే బండి నుంచి జంటగా తెచ్చుకోవడం మేలు. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కారును కొన్నవాళ్ళు విడిభాగాలుగా తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునేవారు. ఏ భాగం దేనికి సరిపోతుందో కంపెనీయే ముందుగా చూసి పెట్టేది కనుక అది సాధ్యమైంది. మనకు ఆ సౌకర్యం లేకపోయినా మరొకటుంది. మోటారు సైకిలు ఇంజన్లలో చాలావాటికి గేరుబాక్సు అదే గూటిలో ఉంటుంది. వాటికి రివర్సు లేకపోవడం ఒక్కటే లోటు. ఆ లోటు కూడా లేనిది పాతబస్తీ గల్లీ గల్లీలో తిరుగుతోంది. అదే ఆటోరిక్షా! ఇంజను, గేర్లు, రివర్సు, డిఫరెన్షియల్ అన్నీ వెనకవైపు ఒకే మూటగా ఉంటాయి. చిన్న బండి కట్టేవాడికి ఇంతకన్నా కుదిరిన జోడీ దొరకదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇంజను బలం పెరిగితే బ్రేకుల బలమూ పెరగాలి. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుందని మనం ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాం. పైగా, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. కనుక ప్రయోగం ప్రయోగంగానే, మైదానంలోనే ఉండాలి.

ఎద్దుల సంతలో మా నాయన ఒక ఎద్దును ఎన్నడూ ఒంటిగా బేరం చెయ్యడు. ఇంటి దగ్గరున్న ఎద్దు ఎత్తు ఎంత, నడక ఎంత అన్నది మనసులో పెట్టుకునే కొత్తదాని మూపు మీద చెయ్యి వేస్తాడు. కాడికి ఒకవైపు ఏనుగు లాంటి ఎద్దునూ, మరోవైపు లేగదూడనూ కడితే నాగలి సాగదు, దూడ మెడ విరుగుతుంది. మిత్రులారా, ఈసారి పాత సామాను బజారుకు వెళ్ళి ఇంజను ముందు నిలబడితే, ఎన్ని సీసీ అని అడిగే ముందు దీని జోడు ఎక్కడ అని అడగండి.