డియెగో రివేరా చిత్రాల్లో శ్రమ, గౌరవం

మెక్సికో విప్లవానంతరం విద్యామంత్రి హోసే వాస్కోన్సెలోస్ ప్రభుత్వ భవనాల గోడలను చిత్రకారులకు అప్పగించాడు. రాజధానిలోని విద్యామంత్రిత్వ భవనంలో డియెగో రివేరా 1923 నుంచి 1928 వరకు వందకు పైగా కుడ్యచిత్రాలు వేశాడు. అక్కడి రెండు ప్రాంగణాలలో ఒకదానికి శ్రమ ప్రాంగణమని పేరు. నేతపనివారు, అద్దకందారులు, కుమ్మరులు, చెరకు గానుగ కూలీలు, గని కార్మికులు ఆ గోడలపై కనిపిస్తారు.

మన సాహిత్య విమర్శలో ‘శ్రమ సౌందర్యం’ అనే మాట విరివిగా వినిపిస్తుంది. ఈ చిత్రాలకు ఆ మాట చాలదని నా అభిప్రాయం. ‘గనిలోకి ప్రవేశం’ అనే చిత్రంలో కార్మికులు దుంగలు, పనిముట్లు మోసుకుంటూ భూగర్భంలోకి దిగుతుంటారు. దానికి జోడీ అయిన ‘గని నుంచి నిష్క్రమణ’లో పైకి వచ్చిన కార్మికుడు చేతులు బార్లా చాచి నిలబడతాడు. ఖనిజమేమైనా దాచాడేమోనని అతని ఒళ్ళు తడిమి చూస్తుంటారు. ఆ భంగిమ సిలువపైని క్రీస్తును తలపిస్తుంది. కాథలిక్ సంప్రదాయంలో పెరిగిన ప్రేక్షకునికి ఈ పోలికను విప్పి చెప్పనక్కరలేదు. రివేరా ఇక్కడ పనిని కీర్తించలేదు. పనిచేసినవాణ్ణే దొంగగా అనుమానించే వ్యవస్థను చూపాడు. కార్మికుని గౌరవం ఆ అవమాన ఘట్టంలోనే రూపుకట్టింది.

ఈ కుడ్యచిత్రణ కూడా ఒక రకంగా తాపీపనే. తడి సున్నపు పూత ఆరేలోగా రంగు వేయాలి కనుక, ఆ రోజుకు సరిపడినంత గోడకే పూత పూసేవారు. చిత్రకారులు తమను కార్మికులుగా భావించుకొని సంఘం పెట్టుకోవడం కేవలం నినాదప్రాయం కాదు. సికైరోస్ రచించిన ఆ సంఘ ప్రకటన, ధనికుల ఇళ్ళకు చేరే ఫలక చిత్రాలను తిరస్కరించింది. సంతకం చేసినవారిలో రివేరా ఒకడు.

అయినా అతని చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినవాటిలో ఒకటైన ‘పూల మోతగాడు’ (1935) ఫలక చిత్రమే. ప్రస్తుతం అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఈ వైరుధ్యం చిత్ర బలాన్ని తగ్గించదు. తెల్లని దుస్తుల మనిషి మోకాళ్ళపై, అరచేతులపై ఆని వంగి ఉంటాడు. వీపుపై అతనికన్నా వెడల్పైన పూలబుట్ట. దానిని కట్టిన పసుపుపచ్చని గుడ్డ ఛాతీని బిగించి ఉంటుంది. పూలు మనకు కనిపిస్తాయి, అతనికి కనిపించవు; అతనికి తెలిసేది వాటి బరువు మాత్రమే. వెనుక నిలిచిన స్త్రీ రెండు చేతులతో ఆ బుట్టను ఆనుకొని పట్టుకుంటుంది.